చూరులో కొడవలి

మా అమ్మ కొడవలి మా అత్తగారింటి చూరులో ఉండేది. నేను కాపురానికి వచ్చిన రోజు నుంచి దాన్ని చూస్తూనే ఉన్నాను. నా పెండ్లయి, నేనింకా కాపురానికి రాకముందే, నెమలిగుట్టలో ఎండుకట్టె కొడుతూ అమ్మ దొరికిందని మా మామ కాశయ్య దాన్ని గుంజుకొచ్చి అక్కడ చెక్కాడు. వియ్యపురాలని కూడా చూడలేదు. "చౌకీదారుకు చుట్టాలుండరు" అన్నాడట. అప్పటినుంచి మా అమ్మ ఎంకమ్మ మా గడప తొక్కలేదు, ఆయనతో మాట్లాడలేదు. నన్ను చూడాలనిపిస్తే బావి దగ్గరికి వచ్చేది.

అత్త లేని కోడలు ఉత్తమురాలంటారు. నాకు అత్త లేదు గానీ ఉత్తమురాలిని మాత్రం కాలేదు. అన్నం పెట్టేటప్పుడు రోజూ ఆ కొడవలి వైపు చూసి, తర్వాత మామ వైపు చూసేదాన్ని. ఆయన తలవంచుకుని తినేవాడు.

నెమలిగుట్ట ఇబ్రహీంపట్నానికి దక్షిణాన ఉంది. అది ఒక నవాబు వేటకని కాపాడుకున్న అడవి, దాన్ని 'షికార్‌గాహ్' అనేవారు. ఆయన ఏడాదికోసారి తుపాకులతో వచ్చేవాడు. మిగతా ఏడాదంతా అందులోని దుప్పులు దిగివచ్చి మా జొన్నచేలు మేసేవి. రాయి విసిరితే జుల్మానా. మా జొన్న తిని బలిసిన దుప్పిని నవాబు కాల్చేవాడు, మా వాళ్ళే మోసుకొచ్చేవారు. ఆ గుట్టకు కాపలా మా మామ. కోటుకు ఇత్తడి బిల్ల, చేతిలో కర్ర. ఆ బిల్ల తీసెయ్యమని నా పెనిమిటి సాయన్న ఎంతో పోరాడి, తండ్రి వినకపోతే ఆ ఎండాకాలం ఇల్లు విడిచి కమ్యూనిస్టుల సంగంలో కలిశాడు. ఎక్కడున్నాడో తెలియదు. నేను ఆయన మీద కోపం కూడా మామ మీదే తీర్చుకునేదాన్ని.

అట్లాంటి ఇంట్లో ఉండగా, వానలు ఇంకా వెనుకపట్టని రోజుల్లో, యూనియన్ మిలిటరీ వచ్చింది. రజాకార్లు బట్టలు మార్చుకుని పారిపోయారని, నవాబు మోటారెక్కి ఎటో పోయాడని సంతలో చెప్పుకున్నారు. ఆ మాట ఊరికి చేరిన పూటే జనమంతా గంపలు, గొడ్డళ్ళు పట్టుకుని గుట్ట మీదికి నడిచారు. నేనూ నడిచాను. మామ ఎప్పటిలాగే బాట మొదట్లో బిల్ల పెట్టుకుని నిలబడి ఉన్నాడు.

"నీ నవాబు పాయె కాశయ్యా, ఇంగ నీ బిల్ల ఏంజేస్తది?" అన్నాడు మా పక్కింటి శివయ్య.

"నవాబు పాయె. గుట్ట యాడికి పోలే గద" అన్నాడు మామ. "జర ఆగుండ్రి. సీతాఫలం ఇంకా కండ్లు తెరువలే. ఇప్పుడు తెంపితే మన్నుకు గూడ పనికిరాదు."

అందరూ నవ్వారు. ఎవరో ఈల వేశారు. ఆయన కర్రను అడ్డం పెట్టాడు. మొదట ఆ కర్రను తోసుకుని లోపలికి పోయింది నేనే. నా వెనక ఊరంతా వచ్చింది. ఎంత సంతోషమైందో చెప్పలేను. పుట్టినప్పటినుంచి కళ్ళముందే ఉన్న గుట్ట, అందులో పట్టపగలు నడవడం అదే మొదలు.

దిగువ చెట్లన్నీ ఆ పూటే దులిపేశాం. సీతాఫలం సంగతి మా వైపు వాళ్ళకు చెప్పక్కర్లేదు. కాయ మీది గడుల నడుమ సందులు విచ్చి తెల్లబడితే కండ్లు తెరిచిందంటాం. అప్పుడు తెంపి గడ్డిలో పెడితే పండుతుంది. కండ్లు తెరవని గుడ్డికాయ తెంపితే అది పండదు, నల్లబడి రాయవుతుంది. ఈ సంగతి మాకు తెలియక కాదు. ఇన్నేళ్ళూ ఆ గుట్టలో దొంగతనంగా తెంపడమే అలవాటు. చేతికి దొరికింది ఒడిలో వేసుకుని పరుగెత్తే దొంగ, కాయ కండ్లు ఎక్కడ చూస్తాడు? ఆగడమన్నది ఊరు మరిచిపోయింది. వారం తిరిగేసరికి ప్రతి ఇంటి పెంటకుప్ప మీద నల్లటి కాయలే.

బావి దగ్గర మా అమ్మ ఆ కాయల్ని చూసి మొఖం తిప్పుకుంది. "మా అవ్వ కాలంల గిట్ల లేకుండె" అంది. "నవాబు గుట్ట పట్టకముందు ముసలమ్మలు ముందుగాల పోయి కండ్లు చూసొచ్చేది. తొలికాయ గుట్ట మైసమ్మకు పెట్టేదాంక కొడవలి గూడ లోపటికి పోవద్దు. ఊరంత గా మాట మీద నిలవడేది."

"మా మామ గూడ గదే చెప్పిండు, ఆగుండ్రని."

"ఆయన ముచ్చట నా ముందల తియ్యకు" అని బిందె ఎత్తుకుంది.

దసరాకు ముందు రాంచంద్ర దిగాడు. నిన్నమొన్నటిదాకా నవాబు దగ్గర లెక్కలు చూసిన మనిషే. అప్పుడు తలమీద ఎర్రటి రూమీ టోపీ, ఇప్పుడు తెల్ల ఖద్దరు టోపీ. తల మాత్రం అదే. రెండు లారీలు, పై ఊళ్ళ నుంచి కూలీలు. కొత్త సర్కారు గుట్టను తనకు బొగ్గు కాల్చుకోవడానికి ఇచ్చిందన్నాడు. పడమటి దిక్కున చెట్లు కూలడం మొదలైంది. కొట్టిన పచ్చికట్టెను కుప్పవేసి, ఆకు కప్పి, మట్టి మెత్తి, లోపల నిప్పు పెడితే అది రోజుల తరబడి మగ్గి బొగ్గవుతుంది. అట్లాంటి బట్టీలు మూడు లేచాయి. పొగ మా ఇళ్ళలోకి వచ్చేది. గుట్ట బోడయితే మా కుంటకు నీళ్ళు దిగవని, ఆ కుంట లేకపోతే మా ఊరు లేదని ఆ పొగలో కూర్చున్నాక గానీ మాకు తట్టలేదు. శివయ్య గొడ్డలి మూలన పెట్టి, "మనం పొయ్యికి కొట్టినం, గీడు పట్నానికి కొడుతుండు" అన్నాడు.

మామ కోటు దులుపుకుని, ఇబ్రహీంపట్నం దాటి పెద్దపట్నం బయలుదేరాడు. "నా మీది సాబుకు చెప్పొస్త" అన్నాడు. ఆయనకు చెవులు సరిగా వినపడవు, అందుకని నేనూ వెంట పోయాను. మన్నెగూడ దాకా బండి, అక్కడి నుంచి నడక. జంగ్లాతు, అంటే అడవుల కచేరిలో కుర్చీలు ఎక్కువ, మనుషులు తక్కువ. పాత సాబు లేడు. కొత్త సాబు రాలేదు. ఒక గుమస్తా బల్ల మీద కాళ్ళు చాపుకుని చాయ్ తాగుతున్నాడు.

"నువ్వెవల నౌకరువి?" అన్నాడు.

"నవాబు నౌకర్ను. గుట్ట చౌకీదార్ను."

"అయితే నవాబునే అడుగు."

"నవాబు లేడు గద సాబ్."

"జాగీర్లు ఉంటయో పోతయో మాకే తెల్వది. ఉంటే గుట్ట నవాబుది. పోతే సర్కారుది. అప్పటిదాంక మేం చెయ్యి పెట్టలేం. మిలిటరోళ్ళను అడుగుండ్రి."

నాకు ఒళ్ళు మండింది. "మీరందరు తేల్చుకునేదాంక గొడ్డలి ఆగుతదా?" అన్నాను.

అతను నన్ను కింది నుంచి మీది దాకా చూసి, "గొడ్డలిని అడుగు" అన్నాడు.

మిలిటరీ వాళ్ళ గేటు దగ్గర మమ్మల్ని నిలబడనివ్వలేదు. తిరుగుదారిలో మామ నా ముందు నడిచాడు. మన్నెగూడ దాటాక ఒక రాయి మీద కూలబడి, "బుగ్గమ్మా, నాకిప్పుడు దొర లేడే" అన్నాడు. ఆ మాటకు సంతోషపడాల్సిన మనిషిని నేనే. కానీ ఆ ముసలాయన ముఖం చూస్తే నాకు జాలి పుట్టింది, జాలి పుట్టినందుకు నా మీద నాకే కోపం వచ్చింది.

"దొర లేకుంటే ఊరుంది గద మామ. ఊరిని అడుగు."

"ఊరు నన్ను తిడతది."

"తిట్టనీ. ఇన్నేండ్ల బాకీ ఉంది. తిట్టినంక ఇంటది."

ఇంటికి వచ్చి ఆయన ముఖం కూడా కడుక్కోలేదు. చూరులోంచి కొడవలి లాగాడు. తుప్పు దులిపి, పంచె కొంగుతో తుడిచి, నేరుగా మా అమ్మ ఇంటికి నడిచాడు. అమ్మ వాకిట్లో జొన్నలు చెరుగుతోంది. ఆయన కొడవలి తెచ్చి చేట పక్కన పెట్టి నిలబడ్డాడు. అమ్మ తలెత్తలేదు. చేట ఆపి, కొడవలి అంచు మీద బొటనవేలు పెట్టి చూసింది.

"మొద్దువారింది" అంది.

"నూరిస్త, వదినా."

"నూరుకొచ్చినంక మాట్లాడుదాం, అన్నా. కూసో. చేట్ల మన్ను పడుతది, జర అటు జరుగు."

అంతే. వాళ్ళిద్దరి నడుమ అంతకు మించి నడవలేదు.

మరునాడు ఊరు ఆయన్ను తిట్టవలసినంతా తిట్టింది. శివయ్య తన మేకల జుల్మానా నుంచి మొదలుపెట్టాడు. మామ చెవులు వినపడకపోవడం ఆ రోజు ఆయనకు మేలైంది. అన్నీ అయ్యాక మా అమ్మ లేచి తన అవ్వ కాలం మాట చెప్పింది. కండ్లు తెరిచేదాకా గుట్టలోకి కొడవలి లేదు, గొడ్డలి లేదు. మనదైనా సరే, రాంచంద్రదైనా సరే. ఊరు సరేనంది. డప్పు వెంట మామే చాటింపు వేశాడు. ప్రతిసారీ "సర్కారు హుకుం" అనే అలవాటు కదా, మొదట ఆ మాటే నోటికొచ్చింది. ఆగి, "ఊరి మాట! ఇనుండ్రి, గిది ఊరి మాట!" అని అరిచాడు.

మేము ఆడవాళ్ళం ఖాళీ గంపలు బోర్లించి లారీల బాట మీద కూర్చున్నాం. ముందు కొడవలి పట్టుకుని మా అమ్మ, పక్కన నేను. మామ నిలబడే చోటే నిలబడ్డాడు. కోటుకు బిల్ల ఉంది.

"మామ, బిల్ల తియ్యి. రోజులు మంచిగ లేవు" అన్నాను.

"ఇది లేకుంటే చెయ్యి అడ్డం పెట్ట రాదే నాకు" అన్నాడు. ఆ రోజు ఆయన చేసిన తప్పు అదొక్కటే. బట్ట లేకుండా బజారుకు ఎట్లా పోమో, బిల్ల లేకుండా ఆయన బాటకు అట్లా రాలేడు.

రాంచంద్ర లారీ వచ్చి ఆగింది. మమ్మల్ని చూసి అతను వెనక్కి తిరిగిపోయాడు. మధ్యాహ్నానికి ఇబ్రహీంపట్నం నుంచి మిలిటరీ జీపు వెంటేసుకుని వచ్చాడు. ఆఫీసరుకు తెలుగు రాదు. మా మాట ఆయనకు, ఆయన మాట మాకు చెప్పేది రాంచంద్రే. ఇక చూసుకోండి, ఉర్దూలో అతను ఏమన్నాడో.

"ఈ ముసలోడు రజాకార్ నవాబు మనిషి, సాబ్. బిల్ల సూడుండ్రి. ఈని కొడుకు కమ్యూనిస్టు, గుట్టల దాసిండ్రు. ఈమె చేతుల సూడుండ్రి, కొడవలి!"

మా అమ్మ లేచి నిలబడింది. "గడ్డి కోసెటందుకు తల్వారు పట్టుకోవాల్నారా?" అంది.

రాంచంద్ర ఆ మాట ఆఫీసరుకు చెప్పలేదు. అప్పుడు నేను సంతలో నేర్చిన ఉర్దూతో నేరుగా ఆఫీసరుకే మొరపెట్టుకున్నాను. "సాబ్, ఈ ముసలాయన రజాకారని వీడే అంటున్నాడు, ఈయన కొడుకు రజాకార్లతో కొట్లాడే కమ్యూనిస్టనీ వీడే అంటున్నాడు. ఒక్క ఇంట్లో రెండు తీర్ల దొంగలు ఎట్లుంటారు? ఒకటి ఎంచుకోమనండి."

ఆఫీసరు పెదవి కొంచెం కదిలింది. నవ్వాడేమో అనుకున్నాను. కానీ బిల్ల కళ్ళముందు కనిపిస్తోంది. సిపాయిలు మామ రెక్కలు పట్టుకుని జీపు ఎక్కించారు. ఆయన పెనుగులాడలేదు. "బుగ్గమ్మా, కండ్లు తెరిచేదాంక ఆగుండ్రి. పైదిక్కు కాయ ఆలస్యంగ తెరుస్తది, ఎనుకటి లెక్క తొందరపడకుండ్రి" అని అరుస్తూ పోయాడు. ఆ క్షణంలో నేను ఏడ్చాను. ఆయన కోసం ఏడుస్తానని నేనెన్నడూ అనుకోలేదు.

"ఇంగ లెవ్వుండ్రి" అన్నాడు రాంచంద్ర. "మీ చౌకీదారు పాయె."

"చౌకీదారు పోతే ఏందిరా" అంది మా అమ్మ. "గుట్ట యాడికి పోలే గద."

అమ్మ మా మామ మాటే అంటోందని నాకు తెలిసింది. ఆమెకు తెలిసిందో లేదో.

మేము లేచాం. లేచింది ఇళ్ళకు పోవడానికి కాదు. గంపలు అక్కడే వదిలి, బిందెలు తెచ్చుకుని కుంట మీద పడ్డాం. నడుముకో బిందె, నెత్తిన ఒకటి. పడమటి దిక్కున మూడు బట్టీలూ మగ్గుతున్నాయి. గడపారతో మట్టి పొడిచి, నోరు తెరిచి, నీళ్ళు గుమ్మరించాం. బుస్సుమని ఆవిరి లేచింది. నా మోచేయి కాలింది, ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. ఊరిలో ఆడది అన్నది మిగలకుండా వచ్చింది. శివయ్య పెండ్లాం రేణుకమ్మ నిండు గర్భంతో గట్టున కూర్చుని బిందెలు అందించింది. రాంచంద్ర ఎగిరాడు, తిట్టాడు, ఒకరి జుట్టు పట్టుకోబోయాడు. మా అమ్మ కొడవలి పైకెత్తలేదు, ఊరికే చేతిలో పట్టుకుని అతని ముందు నిలబడింది. మామ దాన్ని బాగానే నూరించాడు. రాంచంద్ర లారీ ఎక్కాడు.

కూలీలు మా మీదికి రాలేదు. వాళ్ళకూ అతను కూలి ఎగ్గొట్టాడని అప్పుడు తెలిసింది. ఒకామె చల్లారిన బట్టీ పక్కన కూర్చుని, "మా పొట్ట మీద కొడితిరి గదమ్మా" అని ఏడ్చింది. నిజమే, కొట్టాం. ఆ పూట వాళ్ళకు మా ఇళ్ళలో జొన్న గటుక వండి పెట్టాం. మరునాడు వాళ్ళు మహేశ్వరం దిక్కు పని వెతుక్కుంటూ వెళ్ళిపోయారు. కూలీలు లేక రాంచంద్ర లారీలు మళ్ళీ మా బాట పట్టలేదు.

తర్వాత చేయాల్సింది ఆగడం ఒక్కటే. అది బట్టీలు చల్లార్చడం కంటే కష్టమైంది. ఇంట్లో గింజలు తక్కువ, కళ్ళముందు కాయలు. పిల్లలు ఏడ్చేవారు. మా అమ్మ, ఇంకో ఇద్దరు ముసలమ్మలు పొద్దున్నే పోయి చూసి వచ్చి తల అడ్డంగా ఊపేవారు. ఒక్కరు కూడా తెంపలేదు. కాపలా ఎవరూ లేరు, బిల్ల లేదు, జుల్మానా లేదు, అయినా తెంపలేదు. నవాబు ఇన్నేళ్ళలో చేయించలేని పని అది.

దసరా దాటిన తర్వాత ఒక పొద్దున అమ్మ నవ్వుతూ దిగింది. "తెరిచినయ్" అంది. తొలికాయ మైసమ్మకు పెట్టాం. తొలిగంప నేను నెత్తిన పెట్టుకుని ఇబ్రహీంపట్నం పోయాను. మిలిటరీ వాళ్ళున్న బంగళా ముందు సిపాయి పొమ్మన్నాడు. గంప దించి కూర్చున్నాను. ఎండ నెత్తికొచ్చింది, కదల్లేదు. చివరికి ఆఫీసరే బయటికి వచ్చి నన్ను గుర్తుపట్టాడు.

మామను చూపించమని అడిగితే తీసుకొచ్చారు. ఒక కాలు ఈడుస్తున్నాడు. కోటు మీద బిల్ల ఉన్నచోట దారం వేలాడుతోంది. నా క్షేమం అడగలేదు, తన బాధ చెప్పలేదు. కాయను అటూ ఇటూ తిప్పి చూశాడు.

"గిది ఏ దిక్కుది?"

"పొద్దుగూకే దిక్కుది, మామ."

"ఆడ మిగిలినయి కొట్టలేదా?"

"కొట్టనియ్యలే."

ఆయన నవ్వాడు. కాపురానికి వచ్చిన తర్వాత ఆయన నవ్వగా చూడటం అదే మొదలు. ఆఫీసరు కూడా ఒక కాయ తీసుకుని వాసన చూశాడు. ముసలాయన మీద రాయడానికి తనకేమీ దొరకలేదని, తీసుకుపొమ్మని అన్నాడు. ఆ తర్వాత గట్టిగా ఇంకో మాట చెప్పాడు. కొత్త జంగ్లాతు సాబు వచ్చేదాకా గుట్ట బందు. మనిషి గానీ మేక గానీ లోపలికి పోకూడదు.

"మరి కాపలా ఎవలు సాబ్?" అన్నాను.

"ఇప్పుడైతే ఎవరూ లేరు."

"ఎవలూ లేకుంటే ఈ గంపెడు కాయలు మీదాంక ఎట్ల వచ్చినయి సాబ్?"

ఆయన కాయ పట్టుకుని లోపలికి పోయాడు.

మామ నా భుజం పట్టుకుని నడిచాడు. మేము ఊరు చేరేసరికి ఆ హుకుం మాకంటే ముందే చేరింది. డప్పు మోగుతోంది, గుట్ట బందు అని. బాట మొదట్లో ఊరి ఆడవాళ్ళంతా గంపలతో నిలబడి ఉన్నారు. నవాబు వద్దన్నప్పుడు ఒక డప్పు, ఇప్పుడు ఇంకో డప్పు. మా అమ్మ నాకు ఎదురొచ్చి కొడవలి నా నడుముకు చెక్కింది.

మామ అలవాటుగా చెయ్యి అడ్డం పెట్టబోయాడు. "హుకుం పడ్డది గద, వదినా" అన్నాడు.

"ఇనవడ్డది అన్నా" అంది అమ్మ. "పొయ్యిల కట్టె లేదు."

ఆయన ఆ చెయ్యి వైపే కాసేపు చూసుకున్నాడు. దించాడు. కుంటుకుంటూ పక్కనున్న రాయి మీద కూర్చుని బాట వదిలాడు.

"పచ్చికట్టె ముట్టకుండ్రి. గుడ్డికాయ తెంపకుండ్రి" అన్నాడు. "సాబు ఎవలన్న వస్తే నేను మాట్లాడుత. పోండ్రి."

మేము పోయాం. కొత్త సాబు రావడానికి ఏడాది పట్టింది, సాయన్న రావడానికి మూడేళ్ళు. ఇద్దరూ వచ్చి మొదట అడిగింది ఒకటే, ఎవరి హుకుంతో గుట్ట ఎక్కుతున్నారని. ఇద్దరికీ నడుమునున్న కొడవలే చూపించాను. అది మళ్ళీ చూరెక్కలేదు.